చిన్న టౌన్ హైస్కూల్లో ఏడాది పొడుగునా ఏం చేయించాలి, పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?

మేడమ్, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకూ తెలియాలి కదా. మీరు మెగా డీఎస్సీలో సోషల్ స్కూల్ అసిస్టెంట్‌గా వచ్చి నాయుడుపేట వైపు ఒక జడ్పీ హైస్కూల్లో చేరారు. కొత్త విద్యా సంవత్సరం నుంచి యాక్టివిటీస్ అన్నీ మీరే చూడమని హెచ్ఎం గారు అప్పజెప్పారు. ఏ నెలలో ఏం పెట్టాలి, తక్కువ ఖర్చులో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లొచ్చు, ఆడపిల్లల ఇళ్లలో ఎలా ఒప్పించాలి, టెన్త్ వాళ్లను కలపాలా వద్దా అని మీ సందేహం. నేను బయాలజీ టీచర్ని. గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట చుట్టుపక్కల బళ్లలోనే సర్వీసంతా గడిచింది. కాబట్టి మీ వైపు సంగతులే చెప్తాను.

క్యాలెండర్ ముట్టుకోకముందు ఒక పని చేయండి. పోయిన ఏడాది ఫోటోలు, ప్రైజుల లిస్టు, మైకు పట్టుకున్నవాళ్ల పేర్లు తీసి, హాజరు పట్టీ పక్కన పెట్టుకుని టిక్కులు కొట్టండి. ఏ బడిలో చూసినా కనిపించేది ఒకటే. ఆగస్టు పదిహేనుకు ఉపన్యాసం ఇచ్చిన అమ్మాయే టీచర్స్ డేకీ ఇస్తుంది, మండలానికి క్విజ్‌కి వెళ్లేదీ ఆ అమ్మాయే, వార్షికోత్సవానికి యాంకరింగూ ఆ అమ్మాయిదే. పది పదిహేను పేర్లు తిరిగి తిరిగి వస్తుంటాయి. మిగతావాళ్లంతా ఎండలో కూర్చుని చప్పట్లు కొడతారు. ఏడాదిలో మీరు ఎన్ని ప్రోగ్రాములు పెట్టారన్నది నా దృష్టిలో అంత పెద్ద విషయం కాదు. ఏప్రిల్లో బడి మూసేసరికి ఆ పట్టీలో టిక్కు లేని పేరు ఉండకూడదు. స్టేజీ ఎక్కడం ఒక్కటే టిక్కు కాదు. లెక్క రాసినా, మైకు సెట్టు చూసుకున్నా, బస్సులో తలలు లెక్కపెట్టినా టిక్కే. నేను కింద చెప్పేవన్నీ ఈ లెక్క మీదే.

పైనుంచి వచ్చే దినోత్సవాల జాబితా పెద్దదే. జూన్ 21 యోగా, ఆగస్టు 23 అంతరిక్ష దినోత్సవం, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, క్రీడా దినోత్సవం రెండూ ఒకే రోజు (గిడుగు రామమూర్తి గారు, ధ్యాన్‌చంద్ ఇద్దరూ పుట్టింది ఆ తేదీనే), సెప్టెంబరు 5, అక్టోబరు 2, నవంబరు 14, నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం, డిసెంబరు 22 రామానుజన్ జయంతి, ఫిబ్రవరి 28 సైన్స్ డే. ఒక్కోసారి సర్క్యులర్ రాకముందే ఫోటోలు గ్రూపులో పెట్టమని మెసేజ్ వస్తుంది. అన్నీ గట్టిగా చేయాలని చూస్తే ఏదీ సరిగ్గా కుదరదు. మూడో నాలుగో ఎంచుకుని వాటికి వారం రోజుల ముందు నుంచి పని పెట్టండి. మిగతావి ప్రార్థనలో పది నిమిషాల్లో ముగించి ఫోటో పంపేయండి. ఇందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు.

మీది సోషల్ కాబట్టి జులైలో బడి ఎన్నికలు మీ చేతుల్లోనే ఉంటాయి. నోటిఫికేషన్, నామినేషన్, ఉపసంహరణ, ప్రచారానికి రెండు రోజులు, పోలింగ్, లెక్కింపు, అన్నీ అసలు ఎన్నికల్లాగే జరిపించండి. ఈ మధ్య ఫోన్లో ఈవీఎం యాప్ పెట్టి అరగంటలో అయిందనిపిస్తున్నారు. నేనైతే కాగితం బ్యాలెట్టే పెట్టమంటాను. యాప్ అయితే ఫోన్ పట్టుకున్న సారుకు తప్ప ఎవరికీ పని ఉండదు. కాగితమైతే జాబితా చూసి పేరు పిలిచేవాడు ఒకడు, వేలికి స్కెచ్ పెన్ను గుర్తు పెట్టేది ఒకతె, బ్యాలెట్ మడిచి ఇచ్చేవాడు, పెట్టె దగ్గర కాపలా, ఏజెంట్లు, కౌంటింగ్ టేబుళ్లు. గదికొక బూత్ పెడితే యాభై అరవై మందికి బాధ్యత దొరుకుతుంది. ఒకసారి ఒక బూత్‌లో హాజరు కన్నా రెండు ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఎనిమిదో తరగతి పోలింగ్ ఆఫీసర్లు మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చుని జాబితా అంతా మళ్లీ చూసి, టీసీ తీసుకుని మళ్లీ చేరిన ఇద్దరి పేర్లు చేర్చలేదని పట్టుకున్నారు. నవంబరు 26న రాజ్యాంగం గురించి మీరు గంట మాట్లాడినా ఆ పాఠం అంత బాగా రాదు.

స్వపరిపాలన దినం గురించి ఒక మాట. చీరలు కట్టుకుని, కళ్లజోళ్లు పెట్టుకుని పిల్లలు టీచర్లయ్యే రోజంటే అందరికీ సరదానే. కలెక్టర్, డీఈఓ, హెచ్ఎం వేషాలు ఎవరికి ఇస్తున్నారు, అటెండర్ వేషం ఎవరికి ఇస్తున్నారు అన్నది మాత్రం ఒకసారి గమనించండి. ఏటా అటెండర్ వేషం ఏ వీధి పిల్లలకు వెళ్తోందో చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఎవరూ కావాలని చేయరు, అలవాటుగా జరిగిపోతుంది. చీటీలు వేయండి. కలెక్టర్ చీటీ ఎవరికొస్తే వాళ్లే కలెక్టర్. మాటలు సరిగ్గా రాని పిల్లాడికి వచ్చిందా, వారం రోజులు టైముంది కదా, నేర్పుదాం.

మీ ప్రాంతానికి ఉన్న వరం శ్రీహరికోట. రాకెట్ లేస్తే మీ గ్రౌండ్ నుంచే కనిపిస్తుంది. వేరే జిల్లాల వాళ్లు బస్సులు కట్టుకుని వచ్చి చూసేదాన్ని మన పిల్లలు ‘ఆఁ, ఇంకో రాకెట్టు’ అని పట్టించుకోరు. పగటిపూట ప్రయోగం ఉన్న రోజు స్టాప్‌వాచీలు, లేదంటే టీచర్ల ఫోన్లే, గుంపుకొకటి ఇచ్చి గ్రౌండ్‌లో నిలబెట్టండి. చెట్ల మీదుగా నిప్పు కనబడగానే నొక్కాలి, గుమ్మని శబ్దం చెవినపడగానే ఆపాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే దాదాపు నిమిషం పడుతుంది. మీ ఊరికి ఎంతో వాళ్లనే లెక్కేయనిచ్చి, తర్వాత మ్యాపు మీద స్కేలు పెట్టి సరిచూడమనండి. గుంపుకో సమాధానం వస్తుంది, ఎందుకు వచ్చిందో వాదించుకుంటారు, ఆ వాదనే మనకు కావలసింది. టీవీ లైవ్ చూసి టైము పెట్టుకుంటే కుదరదు, అది కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. ఇక షార్‌లో, అంటే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రంలో, సందర్శకుల గ్యాలరీ ఉంది, ముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుని గుర్తింపు కార్డులతో వెళ్లాలి. అయితే ప్రయోగం చూపిస్తామని పిల్లలకు మాటిచ్చి, డబ్బు వసూలు చేసి బస్సు మాత్రం మాట్లాడకండి. 2019 జులై 15న చంద్రయాన్-2ను ఇంకో 56 నిమిషాలుందనగా ఆపేశారు, మళ్లీ 22న పంపారు. వాయిదా పడితే మీ బస్సు అడ్వాన్సు ఎవరు తిరిగిస్తారు?

పిల్లల సైన్స్ ఐడియాలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ అవార్డ్స్ మనక్ గురించి మీ సైన్స్ టీచర్లకు తెలిసే ఉంటుంది. బడికి ఐదు ఐడియాల దాకా పంపొచ్చు, ఎంపికైన పిల్లల ఖాతాలో నమూనా తయారీకి పది వేలు పడతాయి. మీరు చేయాల్సింది జూన్‌లోనే పిల్లలు ఐడియాలు రాసి వేయడానికి ఒక అట్టపెట్టె వరండాలో పెట్టించడం, పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతాలు ఉన్నాయో లేవో చూసుకోవడం. ఖాతా, ఆధార్ పేర్లు కలవక చివరి వారంలో టెన్షన్ పడే బళ్లే ఎక్కువ. ఆటల సంగతి పీఈటీ సార్ చూసుకుంటారు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) మండల స్థాయి సెలక్షన్లు మొదట్లోనే జరిగిపోతాయి కాబట్టి అండర్-14, అండర్-17 పిల్లల పుట్టిన తేదీ కాగితాలు మాత్రం ఆయనకు ముందే సిద్ధం చేసిపెట్టండి.

ఇప్పుడు బయటికి తీసుకెళ్లే విషయం. ట్రిప్పు అనగానే అందరికీ బస్సే గుర్తొస్తుంది. నా సలహా, మొదటి మూడు నెలలు బస్సు ఊసే ఎత్తొద్దు. నడిచి వెళ్లి, మధ్యాహ్న భోజనానికి తిరిగి వచ్చేంత దూరంలో ఏముందో చూడండి. వారం సంత, పోస్టాఫీసు, పాల శీతలీకరణ కేంద్రం, రైల్వే స్టేషన్, సచివాలయం. సంతకు ఏడో తరగతిని తీసుకెళ్లి నెలలో ఒకే రోజు ఒకే పది సరుకుల ధరలు రాయిస్తే, డిసెంబరుకల్లా లెక్కల సారుకు గ్రాఫులకు కావలసినంత సరుకు దొరుకుతుంది. టమాటా గీత ఎక్కడ పైకి లేచిందో వాళ్లే చూపిస్తారు. పోస్టుకార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. పిల్లలతో ఇంటి అడ్రసు రాయించండి, తొమ్మిదో తరగతిలో కూడా సగం మందికి పిన్‌కోడ్ తెలియదని బయటపడుతుంది.

వెంకటగిరి, దాని చుట్టుపక్కల పనిచేసేవాళ్లకు మగ్గాన్ని మించిన ట్రిప్పు లేదు. ఒక ఏడాది ఎనిమిదో తరగతిని నేతపని చేసే వీధికి నడిపించుకుని వెళ్లాం. గుంట మగ్గం ఉన్న గది చిన్నది, ఒకేసారి ఆరేడుగురికి మించి పట్టరు. మిగతావాళ్లు వీధిలో నిలబడితే గోలే. అందుకని గుంపుకొక ఇల్లు ముందే మాట్లాడుకున్నాం. నేసేవాళ్లు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి తొక్కుతుంటే పడుగు, అంటే నిలువు పోగులు, రెండుగా విడిపోతుంది, ఆ సందులోంచి అడ్డపోగు తీసుకెళ్లే నాడె దూసుకుపోతుంది. జాందానీ బుటా, అంటే నేతలోనే వేసే పువ్వు, దగ్గరికొచ్చేసరికి ఆ వేగం ఆగిపోతుంది. చిన్న కండెతో ఒక్కో పోగూ చేత్తో ఎక్కించాలి. చీర తిరగేసి చూపించారు, వెనక వైపు కూడా బుటా ముందున్నట్టే ఉంది. ఒక అబ్బాయి, క్లాసులో పేరు పిలిస్తే తప్ప నోరు విప్పనివాడు, వాళ్ల నాన్న మగ్గం దగ్గర నిలబడి అందరికీ చెప్పడం మొదలెట్టాడు. మధ్యలో ఒక పోగు తెగింది. వాడు మాట ఆపకుండానే వంగి, తెగిన రెండు కొసలూ వేళ్ల మధ్య మెలితిప్పి అతికించేశాడు. ఇంగ్లీషు సార్ తానూ చేస్తానని కూర్చుని పది నిమిషాలు తంటాలు పడ్డారు. అంగుళానికి ఎన్ని పోగులు, చీరకు ఎన్ని రోజులు, ఇంట్లో ఎంతమంది పనిచేస్తే ఎంత కూలి వస్తుంది అన్న లెక్క మర్నాడు క్లాసులో వేశాం. కూలి లెక్క వేశాక గది కాసేపు నిశ్శబ్దం. అది చూపించాలా వద్దా అని స్టాఫ్‌రూములో వాదన జరిగింది. చూపించాలనే నేనంటాను. కాకపోతే ఆ ఇంటివాళ్లను ముందే అడిగి, వాళ్లు సరేనంటేనే.

కార్తీక మాసంలో వనభోజనాలు పెడదామని ఎవరో ఒకరు తప్పక అంటారు. మంచిదే. కానీ మీ వైపు పెద్ద వానలు జూన్, జులైలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా పడతాయి. కార్తీకం సరిగ్గా వాటి మధ్యలో పడుతుంది. తోటలో షామియానా వేశాక తుపాను హెచ్చరిక వస్తే ఆ రోజంతా అయిపోయినట్టే. నవంబరులో బడి ఆవరణలోనే చెట్టు కింద పెట్టుకోండి. ఒక షరతు, ఇళ్ల నుంచి క్యారియర్లు తెప్పించొద్దు. క్యారియర్లు తెరిస్తే ఎవరిది ఎవరు తింటున్నారు, ఎవరిది ఎవరు తినట్లేదు అన్నది మొదలవుతుంది. వంట ఏజెన్సీ అమ్మలతోనే పులిహోర, వంకాయ కూర, గుడ్లు, పాయసం అందరికీ ఒకటే వండించండి. వడ్డించే పని పిల్లలది, చీటీల మీద.

బస్సు ట్రిప్పు ఏడాదికి ఒక్కటి చాలు. కొత్త సంవత్సరానికీ సంక్రాంతి సెలవులకూ మధ్య వారం మీకు బంగారం లాంటిది. వానలు వెళ్లిపోయి ఉంటాయి, ఎండ ముదరదు. అప్పుడు మీ ఊరికి నేలపట్టు, పులికాట్ తప్ప వేరే చోటు వెతకాల్సిన పని లేదు. దొరవారిసత్రం దగ్గర, జాతీయ రహదారికి కాస్త పక్కకు వెళ్తే నేలపట్టు. సుమారు 459 హెక్టార్ల పక్షి రక్షిత కేంద్రం. అక్టోబరులో గూడబాతులు (పెలికాన్లు) వచ్చి చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసి, వేసవి ముదిరేలోగా వెళ్లిపోతాయి. జనవరిలో వెళ్తే గూళ్లలో పిల్లలు పెద్దవై ఉంటాయి, మంచి గోల చేస్తుంటాయి. ముందు తగిలేది వాసన. మన పిల్లలు ముక్కు మూసుకుని ‘ఛీ’ అంటారు. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లే కింద పొలాలకు ఎరువవుతాయని, అందుకే చుట్టూ ఊళ్లవాళ్లు ఈ పక్షుల్ని కాపాడుకుంటూ వచ్చారని అక్కడే, ఆ వాసనలోనే చెప్పండి.

ఊరికే చూపించి తీసుకురావొద్దు. ఐదుగురికి ఒక చెట్టు అప్పజెప్పి ఇరవై నిమిషాలు దాన్నే చూడమనండి. ఒకరు గూళ్లు లెక్కపెట్టాలి, ఒకరు వచ్చే పక్షి నోట్లో పుల్ల ఉందా చేప ఉందా రాయాలి, ఒకరు టైము చూడాలి, ఒకరు బొమ్మ వేయాలి, ఒకరు ఆ ఐదుగురూ అరవకుండా చూడాలి. ఆ ఐదో పని బాగా అల్లరి చేసేవాడికి ఇవ్వండి. గూడబాతు పిల్ల తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి తింటుంది. మొదటిసారి చూసిన పిల్లలు పిల్లనే మింగేస్తోందని కంగారు పడతారు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు మిగులుతుంది. ఎందుకుందో మీరు చెప్పొద్దు, అది చెరువులో ఏం ఏరుకుంటుందో చూసి వాళ్లనే చెప్పమనండి. ఎర్రకాళ్ల కొంగను రాజహంస (ఫ్లెమింగో) అని పొరబడతారు, అక్కడ సరిచేయండి. రాజహంసలు చూడాలంటే అక్కణ్నుంచి సూళ్లూరుపేట వెళ్లి శ్రీహరికోట రోడ్డెక్కాలి. ఆ రోడ్డు పులికాట్ మధ్యలోంచే పోతుంది. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. రెండు వైపులా మోకాటి లోతు నీళ్లలో గులాబీ రంగు గుంపులు కనిపిస్తాయి. రోడ్డు మీద ఎక్కడ పడితే అక్కడ బస్సు ఆపించొద్దు, షార్ వాహనాలు వేగంగా వస్తుంటాయి. అటకానితిప్ప దగ్గర దిగి చూడొచ్చు. అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు పది రోజుల ముందు హెచ్ఎం గారి లెటర్ ఇవ్వండి. తిరుగు దారిలో చెంగాళమ్మ గుడి దగ్గర ఆగుదామని పిల్లలే అడుగుతారు. ఇష్టమున్నవాళ్లు వెళ్తారు, లేనివాళ్లు బయట టిఫిన్ చేస్తారు, ఎవర్నీ ఇబ్బంది పెట్టొద్దు.

దీని వెనక కాగితం పని ఉంటుంది. హెచ్ఎం గారి ప్రపోజల్, ఎంఈఓ ద్వారా పైవాళ్ల అనుమతి, స్కూల్ కమిటీ తీర్మానం, ప్రతి పిల్లకూ తల్లిదండ్రుల సంతకంతో ఒప్పుకోలు. వాట్సాప్‌లో ‘ఓకే సార్’ అన్నది ఒప్పుకోలు కాదు. బస్సు ఆర్టీసీదే మాట్లాడండి, డిపోలో అద్దెకిస్తారు. ప్రైవేటు బస్సు నాలుగు వేలు తక్కువకు వస్తుందని ఎవరో అంటారు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పర్మిట్ కాగితాలు చేత్తో పట్టుకుని చూశాకే మాట్లాడండి. సీట్లకు మించి ఒక్కరిని కూడా ఎక్కించొద్దు. పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి లెక్క పెట్టుకోండి.

ట్రిప్పుకు ముందు మీరూ ఇంకో మేడమూ ఒక ఆదివారం వెళ్లి ఆ దారంతా తిరిగి రండి. పక్షులు చూడటానికి కాదు, బాత్‌రూములు చూడటానికి. ఎక్కడ ఉన్నాయి, తలుపులకు గొళ్లెం పడుతుందా, నీళ్లు వస్తాయా. ఇది చూసుకోక ఆడపిల్లలు పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా కూర్చున్న ట్రిప్పులు నాకు తెలుసు. ఒక సంచిలో శానిటరీ ప్యాడ్లు, కవర్లు, నిమ్మకాయలు, ఓఆర్ఎస్ పెట్టుకోండి. బస్సు పడనివాళ్లను ముందు సీట్లలో, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. జోడీలు కట్టి, తన జోడీ కనబడకపోతే అరవాల్సిన బాధ్యత ఆ పిల్లకే ఇవ్వండి. దిగినప్పుడు, ఎక్కినప్పుడు, బస్సు కదిలేముందు లెక్క. లెక్కపెట్టేది లీడర్లు, సరిచూసేది మీరు.

నీళ్ల విషయంలో నేను మొండివాణ్ని. మైపాడు బీచ్ అని, వాగు అని, డ్యాము అని పిల్లలు అడుగుతారు, ఒక్కోసారి స్టాఫ్ కూడా అడుగుతారు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఫోటోలకు దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన డ్యాము గేట్లు ఎత్తడంతో చూస్తుండగానే కొట్టుకుపోయారు. వాళ్లు పెద్దపిల్లలు, వెంట లెక్చరర్లు ఉన్నారు. నీళ్లలో దిగే ట్రిప్పు బడి తరఫున వద్దు, కాళ్లు తడుపుకోవడానికి కూడా వద్దు. కండలేరు డ్యాము చూపించాలనుకుంటే కట్ట మీద నిలబెట్టి, సోమశిల మీదుగా వచ్చిన కృష్ణా నీళ్లు ఇక్కణ్నుంచి తెలుగుగంగ కాలువలో చెన్నై దాకా ఎలా పోతాయో చెప్పి తీసుకురండి. మీ సబ్జెక్టుకు అది మంచి పాఠం. తిరుపతి ప్రాంతీయ సైన్స్ కేంద్రం, చంద్రగిరి కోట ఇంకో ఏడాదికి ఉంచుకోండి. పురావస్తు శాఖ మ్యూజియాలకు సాధారణంగా శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకుని గేటు దగ్గరి నుంచి తిరిగొచ్చిన బళ్లున్నాయి.

డబ్బు. తలా ఇంత అని ఒకేసారి అడిగితే ఇవ్వలేని పిల్లలు ఇవ్వలేమని చెప్పరు. ట్రిప్పు ముందు రోజు కడుపునొప్పి వస్తుంది వాళ్లకు. ఆగస్టు నుంచే వారానికి పదీ ఇరవై క్లాస్ టీచర్ దగ్గర వేసుకునే పద్ధతి పెట్టండి, జనవరికి ఎంతో కొంత చేరుతుంది. తక్కువ పడ్డది పూర్వ విద్యార్థులను అడగండి. వాళ్లిచ్చింది బస్సు అద్దెలోకి నేరుగా వెళ్లాలి, ఏ పిల్లకు సాయం చేశామో ఎవరికీ తెలియకూడదు. దాతల చేత పిల్లలకు కవరిస్తూ ఫోటో దిగే కార్యక్రమం దయచేసి పెట్టొద్దు. లెక్క ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలతో రాయించి నోటీసు బోర్డు మీద అంటించండి, టీ ఖర్చుతో సహా.

ఆడపిల్లల ఇళ్ల సంగతి. ‘పంపం మేడమ్’ అన్నది ఎక్కువసార్లు నాన్న మాట. మాట్లాడాల్సింది అమ్మతో. ఇళ్లకు వెళ్లి మాట్లాడండి, మగ టీచర్లను పంపొద్దు. వాళ్లకు మూడు ప్రశ్నలుంటాయి. చీకటి పడేలోగా వస్తారా, వెంట ఆడవాళ్లు ఎవరున్నారు, ఫోటోలు ఎక్కడ పెడతారు. మూడో ప్రశ్న ఈ పదేళ్లలో వచ్చిందే, చాలా న్యాయమైంది. పిల్లల ఫోటోలు ఎవరి స్టేటస్‌లోనూ పెట్టకూడదని స్టాఫ్ మీటింగులోనే తేల్చుకోండి, ఆఫీసుకు పంపాల్సినవి హెచ్ఎం గారి ఫోన్ నుంచే వెళ్లాలి. ఐదున్నరకు వస్తామని చెబితే ఐదింటికి రావాలి. ఇద్దరు తల్లుల్ని బస్సులో వెంట రమ్మనండి. ఒకరు వచ్చారంటే ఆ వీధి వీధంతా పంపుతుంది. ఒక ట్రిప్పులో మాతో వచ్చిన ఒక తల్లి గూడబాతుల్ని చూసే టవర్ ఎక్కి దిగనంది. పెళ్లయ్యాక పుట్టిల్లూ తిరుపతీ తప్ప ఎక్కడికీ వెళ్లలేదట. మర్నాటి నుంచి మా తరఫున ఊళ్లో మాట్లాడింది ఆవిడే.

వార్షికోత్సవం గురించి ఎక్కువ చెప్పను. సినిమా పాటలకు డాన్సు కట్టించడానికి బయటి నుంచి మాస్టర్ని పిలిపించి నెల రోజుల పీరియడ్లు పోగొట్టుకోవద్దు. మీ ఊళ్లో కోలాటమో చెక్కభజనో వచ్చిన పెద్దవాళ్లు ఉంటారు. వాళ్లు సాయంత్రాలు నేర్పితే నలభై మంది ఒకేసారి ఆడొచ్చు, డ్రెస్సుల ఖర్చూ ఉండదు. మీ టిక్కుల పట్టీలో మిగిలిపోయిన పేర్లు అక్కడ చాలావరకు తీరిపోతాయి.

చివరిగా టెన్త్. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, జనవరికల్లా స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు. ట్రిప్పు అంటే సబ్జెక్టు టీచర్లు ఊరుకోరు, వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. అందుకని వాళ్లకు వేరేగా, వానలు రాకముందు సెప్టెంబరులో ఒక రోజు పెట్టండి. పక్షులకు కాదు. దగ్గర్లోని పాలిటెక్నిక్, ఐటీఐ, గవర్నమెంటు జూనియర్ కాలేజీ, ఈ మూడూ ఒకే రోజు చూపించండి. ఐటీఐలో లేత్ మెషీన్ తిరగడం, వెల్డింగ్ పని నేరుగా చూస్తారు. ముందుగా అడిగితే పాలిటెక్నిక్‌లో ఎవరో ఒక లెక్చరర్ అక్కడి ప్రవేశ పరీక్ష పాలిసెట్ ఎలా రాయాలో అరగంట చెప్తారు. ఆడపిల్లలను హాస్టల్ గదులు కూడా చూడనివ్వండి, ఇంటికెళ్లి అమ్మకు చెప్పడానికి వాళ్లకు అదే కావాలి. మీ బడి నుంచి వెళ్లి అక్కడ చదువుతున్న పిల్లలుంటే వాళ్లనే వెంట తిప్పమనండి, మీకన్నా వాళ్ల మాటే వింటారు. ట్రిపుల్ ఐటీ సీట్లు టెన్త్ మార్కుల మీదే ఇస్తారు, గవర్నమెంటు బళ్లలో చదివినవాళ్లకు అదనపు వెయిటేజీ ఉంది. ఇది సెప్టెంబరులో తెలిస్తే ఇంకా చదువుకోవడానికి టైముంటుంది, మేలో తెలిస్తే ఏం లాభం? ఒక్క రోజు పోతుందని లెక్కల సారు గొణిగితే ఆయన్నే ఇన్‌ఛార్జిగా వెంటబెట్టుకెళ్లండి.